తూము తెలిసిన నీరటికే బుంగ కనిపిస్తుంది: వెబ్ సర్వర్ల నుంచి బయటకు వెళ్లే అనుమానాస్పద కనెక్షన్లు

నల్లగొండ పక్కన పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీద నిలబడినా, పాలమూరు పల్లెల్లోని ఏ చిన్న చెరువు కట్ట మీద నిలబడినా కనిపించేది ఒకటే. చెరువులోకి వచ్చే నీళ్లకు లెక్క ఉండదు. వాన ఎటు కురిస్తే అటు నుంచి ఒర్రెలు, వాగులు వచ్చి కలుస్తూనే ఉంటాయి. బయటకు పోయే నీటికి మాత్రం దారులు లెక్కపెట్టినట్టు ఉంటాయి: రెండో మూడో తూములు, ఒక మత్తడి. ఏ తూము ఎప్పుడు ఎత్తారో, దాని కింద ఎవరి మడులు పారుతున్నాయో నీరటికి నోటికి వచ్చు. అందుకే కట్ట దిగువన తూము లేని చోట నేల తడిసి కనిపిస్తే, అది బుంగ అని అతను ఒక్క చూపులో పసిగడతాడు. వెబ్ సర్వర్ కాపలాలో చాలామంది దృష్టంతా లోపలికి వచ్చే నీటి మీదే ఉంటుంది. చొరబాటు జరిగిపోయిందని చెప్పే గట్టి ఆనవాళ్లు మాత్రం ఎక్కువగా కట్ట దిగువనే దొరుకుతాయి.

వెబ్ సర్వర్ ప్రధానంగా వినే యంత్రం. 80, 443 పోర్టులనే నంబరు ద్వారాల దగ్గర కాచుకుని కూర్చుని, వచ్చిన బ్రౌజర్ అడిగినదానికి జవాబు పంపుతుంది. ఆ జవాబు కూడా బయటకే వెళ్తుంది గాని, సందర్శకుడు తెరిచిన కనెక్షన్‌లోనే వెనక్కి వెళ్తుంది. ఈ తేడాను మొదటే పట్టుకోవాలి. ఇక్కడ ‘బయటకు వెళ్లే కనెక్షన్’ అంటే సర్వర్ తనంత తానుగా మొదలుపెట్టిన కనెక్షన్ అని అర్థం. రోజుకు లక్ష మంది చూసే వెబ్‌సైట్‌లో కూడా లోపలికి వచ్చే అడ్రస్‌లు వేలల్లో ఉంటే, సర్వర్ తానుగా వెళ్లి పలకరించే చోట్లు పది పదిహేను దాటడం అరుదు. వెతకాల్సిన రాశి ఇంత చిన్నది కావడం కాపలాదారుకు దొరికిన పెద్ద వరం. ఆ వరాన్ని వాడుకోని సర్వర్లే ఎక్కువ అన్నది బాధాకరమైన విషయం.

చొరబాటుదారుకు బయటి దారి ఎందుకు కావాలో చూస్తే దీని విలువ అర్థమవుతుంది. రాకపోకలను వడపోసే ఫైర్‌వాల్ సాధారణంగా బయటి నుంచి వచ్చేవాటిలో రెండు మూడు పోర్టులు తప్ప మిగతావన్నీ మూసేస్తుంది. కాబట్టి వెబ్‌సైట్‌లోని ఏదో లోపం ద్వారా ఒక చిన్న ఆదేశం నడిపించగలిగిన చొరబాటుదారు, తాను లోపలికి రావడానికి బదులు సర్వర్‌నే తన దగ్గరకు పిలిపించుకుంటాడు. దీన్నే రివర్స్ షెల్ (షెల్ అంటే ఆదేశాలు తీసుకుని నడిపే ప్రోగ్రామ్) అంటారు. అడ్మిన్‌లు లోపలి దారికి కాపలా పెట్టి బయటి దారిని బార్లా తెరిచి ఉంచుతారన్న నమ్మకం మీదే ఈ పద్ధతి నడుస్తుంది. ఆ తర్వాత అసలు సరుకైన ప్రోగ్రామ్‌ను డౌన్‌లోడ్ చేసుకోవాలన్నా, దొంగిలించిన సమాచారం పంపాలన్నా, క్రిప్టో మైనింగ్ నడపాలన్నా, ఆ సర్వర్‌ను అడ్డం పెట్టుకుని ఇతరుల మీద దాడి చేయాలన్నా బయటకు కనెక్షన్ తప్పదు.

2021 డిసెంబర్‌లో బయటపడిన లాగ్4షెల్ లోపం దీనికి చక్కటి ఉదాహరణ. సీవీఈ-2021-44228 అన్న సంఖ్యతో నమోదైన ఆ లోపానికి తీవ్రతలో 10కి 10 మార్కులు పడ్డాయి. జావాలో రాసిన అసంఖ్యాక సాఫ్ట్‌వేర్లు వాడే లాగ్4జే లైబ్రరీ, లాగ్‌లో (జరిగినవాటి చిట్టాలో) రాయమని ఇచ్చిన మాటల్లో ఒక ప్రత్యేక రూపం కనిపిస్తే దాన్ని ఆదేశంగా భావించి, అందులో ఉన్న అడ్రస్‌కు ఎల్‌డాప్ (డైరెక్టరీల్లో వివరాలు వెతికే) పద్ధతిలో కనెక్ట్ అయ్యేది. బయటి నుంచి వచ్చిన రిక్వెస్ట్ మామూలు వెబ్ రిక్వెస్ట్‌లాగే ఉండేది. అసాధారణమైన అడుగు సర్వర్ బయటకు వేసినదే. వెబ్ సర్వర్ ఎక్కడో ఊరూ పేరూ తెలియని యంత్రానికి ఎల్‌డాప్ కనెక్షన్ తెరవాల్సిన అవసరం మామూలుగా ఉండదు. బయటి దారులు కట్టడి చేసిన చోట్ల ఆ దాడిలో అతి ప్రమాదకరమైన రెండో అడుగు చాలావరకు పడకుండానే ఆగింది. అయితే డీఎన్‌ఎస్ (పేర్లను అడ్రస్‌లుగా మార్చే వ్యవస్థ) ప్రశ్నల రూపంలో సర్వర్ లోపలి సమాచారం కొంత బయటకు జారే వీలు అప్పటికీ మిగిలే ఉంది. ఆ డీఎన్‌ఎస్ సంగతి కింద విడిగా వస్తుంది.

తూముల జాబితా

నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ అడ్మిషన్ల వెబ్‌సైట్ సొంత లైనక్స్ సర్వర్ మీద నడుస్తోందని అనుకుందాం. అది బయటకు ఎవరెవరిని పలకరిస్తుంది? పేర్లను అడ్రస్‌లుగా మార్చుకోవడానికి డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. గడియారం సరిచూసుకోవడానికి ఎన్‌టీపీ సర్వర్‌ను అడుగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ల కోసం ఆ సంస్థ భాండాగారానికి వెళ్తుంది. ఫీజు కట్టించుకోవడానికి పేమెంట్ గేట్‌వేతో, ఓటీపీ పంపడానికి ఎస్సెమ్మెస్ సంస్థతో, రసీదు పంపడానికి మెయిల్ సర్వర్‌తో మాట్లాడుతుంది. రాత్రిపూట బ్యాకప్‌ను మరో యంత్రానికి చేరవేస్తుంది. సర్టిఫికెట్ గడువు దగ్గరపడినప్పుడు దాన్ని ఇచ్చిన సంస్థను సంప్రదిస్తుంది. మొత్తం ఎనిమిది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కల సాఫ్ట్‌వేర్‌కైతే ఇంతకన్నా తక్కువే ఉంటాయి. ఈ జాబితాను కాగితం మీద పెట్టగలిగిన సంస్థకు పని సగం తీరినట్టే. పెట్టలేని సంస్థ ఎంత ఖరీదైన పరికరం కొన్నా, అది మోగించే ప్రతి గంటకూ అర్థం చెప్పుకోలేక తికమకపడుతుంది.

జాబితాలో గమ్యం ఒక్కటే రాస్తే చాలదు. ఆ గమ్యానికి ఎవరు వెళ్తారన్నది కూడా రాయాలి. పై ఉదాహరణలో అప్‌డేట్లు తెచ్చేది రూట్ (యంత్రంపై పూర్తి) అధికారంతో మొదలయ్యే ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్. సమయం చూసేది దానికోసమే ఉన్న ప్రాసెస్. వెబ్ అప్లికేషన్ నడిచే యూజర్ వేరు: డెబియన్, ఉబుంటు యంత్రాల్లో దాని పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, రెడ్‌హ్యాట్ కుటుంబంలో అపాచీ. ఈ వెబ్ యూజర్‌కు బయట పని ఉన్నది పేమెంట్ గేట్‌వే, ఎస్సెమ్మెస్ సంస్థ, మెయిల్ సర్వర్, డీఎన్‌ఎస్ దగ్గర మాత్రమే. అదే యూజర్ అప్‌డేట్ల భాండాగారానికి వెళ్లినా అనుమానించాల్సిందే, ఎందుకంటే గమ్యం మంచిదే గాని అక్కడికి వెళ్లాల్సినవాడు అతను కాడు. గమ్యాన్ని, వెళ్లేవాడిని జతగా చూడడం అలవాటైతే, అడ్రస్ మంచిదా చెడ్డదా అన్న అంతులేని చర్చ చాలావరకు తప్పుతుంది.

ఒక కనెక్షన్‌ను దగ్గరగా చూడడం

లైనక్స్‌లో ప్రస్తుత కనెక్షన్లను ఎస్‌ఎస్ అనే కమాండ్ చూపిస్తుంది. పాత యంత్రాల్లో నెట్‌స్టాట్. దాని తెరపై ప్రతి వరుసలో ఇటువైపు అడ్రస్, పోర్టు, అటువైపు అడ్రస్, పోర్టు ఉంటాయి గాని, మొదలుపెట్టింది ఎవరో నేరుగా రాసి ఉండదు. పోర్టులను బట్టి ఊహించాలి. ఇటువైపు 443 ఉండి అటువైపు 51200 లాంటి పెద్ద సంఖ్య ఉంటే, ఎవరో సందర్శకుడు వచ్చాడని అర్థం. ఇటువైపు 48712 ఉండి అటువైపు 443 ఉంటే, సర్వరే బయటకు వెళ్లింది. లైనక్స్ తానుగా మొదలుపెట్టే కనెక్షన్లకు మామూలుగా 32768 నుంచి 60999 వరకు ఉన్న పోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఊహ మీద ఆధారపడకూడదనుకుంటే, లైనక్స్ కనెక్షన్ల లెక్క రాసుకునే కాన్‌ట్రాక్ పట్టికలో మొదటి ప్యాకెట్ ఏ దిశలో వెళ్లిందో కనెక్షన్ బతికి ఉన్నంతసేపూ నమోదై ఉంటుంది.

ఆ అడ్మిషన్ల సర్వర్‌లోనే ఒక ఉదయం ఇలాంటి వరుస కనిపించిందని అనుకుందాం: ఇటువైపు పోర్టు 48712, అటువైపు 203.0.113.45 అడ్రస్‌లో పోర్టు 443, కనెక్షన్ స్థిరపడి ఉంది, ప్రాసెస్ పేరు కెవర్కర్. ఆ అడ్రస్ పుస్తకాల్లో ఉదాహరణల కోసం కేటాయించిన వరుసలోనిది గనుక ఏ సంస్థకూ చెందదు. పైపైన చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు. 443 అందరూ వాడే పోర్టు, కెవర్కర్ ప్రతి లైనక్స్ యంత్రంలోనూ ఉండే పేరు. కానీ కెవర్కర్ అనేది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సొంత పనివాడు. అది ఎప్పుడూ రూట్ కింద ఉంటుంది. దానికి డిస్క్ మీద ప్రోగ్రామ్ ఫైల్ ఉండదు. దాని తల్లి ప్రాసెస్ సంఖ్య 2. ఇక్కడ కనిపించిన దాని యజమాని డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ సంఖ్య కింద ఎగ్జీ అన్న లింకును చదివితే, తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పేరున్న ఒక ఫైల్‌ను చూపి, పక్కన ‘డిలీటెడ్’ అని రాసి ఉంటుంది. అంటే ప్రోగ్రామ్‌ను నడిపించి, వెంటనే డిస్క్ మీద నుంచి తుడిచేశారు. అది నడుస్తున్నంతవరకు ఆ లింకు ద్వారానే దాని నకలు తీసుకోవచ్చు. యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే ఆ ఆధారం మళ్లీ దొరకదు. కంగారులో మొదట రీస్టార్ట్ నొక్కే అలవాటు ఇలాంటి చోటే పెద్ద నష్టం చేస్తుంది.

ప్రాసెస్ వంశవృక్షం చూడడం కూడా అంతే ముఖ్యం. వెబ్ సర్వర్ ప్రాసెస్‌కు ఒక షెల్ పుట్టి, ఆ షెల్‌కు బయటి నుంచి ఫైళ్లు తెచ్చే కర్ల్ గాని వీగెట్ గాని పుట్టిందంటే, దాదాపు ప్రతిసారీ ఎవరో వెబ్‌సైట్ ద్వారా ఆదేశాలు నడుపుతున్నారని అర్థం. విండోస్ యంత్రాల్లో ఐఐఎస్ అనే వెబ్ సర్వర్ పనివాడైన డబ్ల్యూ3డబ్ల్యూపీకి కమాండ్ ప్రాంప్ట్ గాని పవర్‌షెల్ గాని పుట్టడం దీనికి సమానం. అక్కడ మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్మాన్‌ను పెట్టుకుంటే కొత్త ప్రాసెస్ పుట్టుకను 1వ నంబరు ఘటనగా, నెట్‌వర్క్ కనెక్షన్‌ను 3వ నంబరు ఘటనగా, డీఎన్‌ఎస్ ప్రశ్నను 22వ నంబరు ఘటనగా రాసి పెడుతుంది.

ఎస్‌ఎస్ కమాండ్‌కు ఒక పెద్ద లోపం ఉంది: అది ఫోటో లాంటిది. నిమిషానికి ఒకసారి బయటకు వెళ్లి ఒక సెకనులో తిరిగి వచ్చే కనెక్షన్‌ను ఒక్కసారి తీసిన ఫోటోలో నేరుగా పట్టుకునే అవకాశం 60లో 1. ముగిసిన కనెక్షన్ టైమ్-వెయిట్ స్థితిలో మరో నిమిషం కనిపించవచ్చు గాని, అప్పటికి దానికి యజమాని ప్రాసెస్ ఉండదు. ఎవరు వెళ్లారో తెలియదు. అందుకే ఫోటోలతో సరిపెట్టుకోకుండా, జరిగినప్పుడల్లా రాసుకునే ఏర్పాటు కావాలి. లైనక్స్ నిఘా ప్రోగ్రామ్ ఆడిట్‌డీకి వెబ్ యూజర్ చేసే ప్రతి కనెక్ట్ సిస్టమ్ కాల్‌ను (కనెక్షన్ తెరవమని కెర్నల్‌ను అడగడాన్ని) నమోదు చేయమని చెప్పవచ్చు. లైనక్స్ ఫైర్‌వాల్ సాధనం ఐపీటేబుల్స్‌లో యజమాని యూజర్‌ను బట్టి, కొత్త కనెక్షన్ల మొదటి ప్యాకెట్‌ను మాత్రమే లాగ్ చేసే రూల్ రాయవచ్చు. దాని తర్వాత వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లోనూ అదే వీలుంది. వెబ్ యూజర్ బయటకు వెళ్లే సందర్భాలు తక్కువే గనుక ఈ లాగ్‌లు డిస్క్‌ను నింపేంతగా పెరగవు.

సందర్శకులతో కలిసి కదలని కనెక్షన్

అన్ని ఆనవాళ్లలోకీ ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఒకటుంది, సాధారణంగా దాని గురించి తక్కువ మాట్లాడతారు. వెబ్ అప్లికేషన్ బయటకు చేసే న్యాయమైన పనులన్నీ సందర్శకుల కోసం చేసేవే. విద్యార్థి ఫీజు కడితేనే పేమెంట్ గేట్‌వేకు కనెక్షన్ వెళ్తుంది. లాగిన్ కోసం నంబరు కొడితేనే ఓటీపీ సంస్థకు వెళ్తుంది. డిగ్రీ ప్రవేశాల దోస్త్ విడత తెరిచిన రోజున కాలేజీ వెబ్‌సైట్‌కు తాకిడి పెరిగితే ఈ కనెక్షన్లూ పెరుగుతాయి. బతుకమ్మ, దసరా సెలవుల్లో వెబ్‌సైట్ ఖాళీగా ఉంటే ఇవీ పడిపోతాయి. చొరబాటుదారు పెట్టిన ప్రోగ్రామ్‌కు ఈ రాకపోకలతో సంబంధం లేదు. దానికి దసరా లేదు, అర్ధరాత్రి లేదు. తనకు పెట్టిన గడువు ప్రకారం యజమానిని అడుగుతూనే ఉంటుంది. కాబట్టి గంట గంటకు లోపలికి వచ్చిన రిక్వెస్టుల సంఖ్యను, ప్రతి గమ్యానికి బయటకు వెళ్లిన కనెక్షన్ల సంఖ్యను పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిదానితో కలిసి పెరిగి తరిగే గమ్యాలు ఒకవైపు, దానితో ఏ సంబంధమూ లేకుండా సాగే గమ్యాలు ఒకవైపు విడిపోతాయి. రెండో కుప్పలో జాబితాకెక్కిన ఎన్‌టీపీ, అప్‌డేట్లు, బ్యాకప్ లాంటివి తీసేస్తే మిగిలేవి వేళ్ల మీద లెక్కించేటన్ని. సెలవు రోజుల రాత్రుల లాగ్‌లను ముందు చదవమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే: తాకిడి లేనప్పుడు గుసగుస కూడా వినిపిస్తుంది.

ఇలా క్రమం తప్పకుండా యజమానిని పలకరించడాన్ని బీకనింగ్ అంటారు. భద్రతా పరీక్షల కోసం తయారై, నేరగాళ్ల చేతుల్లోనూ విరివిగా వాడకంలో ఉన్న కోబాల్ట్ స్ట్రైక్‌లో ఈ విరామం మామూలుగా 60 సెకన్లు. అంటే రోజుకు సుమారు 1,440 కనెక్షన్లు. క్రమం మరీ కొట్టొచ్చినట్టు కనిపించకుండా విరామాన్ని కొద్దిగా మార్చే వీలు కూడా దానిలో ఉంది: 20 శాతం మార్పు పెడితే విరామాలు 48 నుంచి 60 సెకన్ల మధ్య పడతాయి. అంత మార్చినా, ఒకే గమ్యానికి వెళ్లిన వరుస కనెక్షన్ల మధ్య విరామాలన్నీ తీసి చూస్తే అవి ఒక ఇరుకైన పట్టీలోనే గుమిగూడి ఉంటాయి. మనుషుల వల్ల పుట్టే కనెక్షన్ల విరామాలు అలా ఉండవు. రెండు సెకన్లకు ఒకటి, ఆ తర్వాత ఇరవై నిమిషాలకు ఒకటి అన్నట్టు చెల్లాచెదురుగా ఉంటాయి. అయితే క్రమం ఒక్కటే నేరానికి రుజువు కాదు. ఎన్‌టీపీ కూడా క్రమంగానే అడుగుతుంది, సర్వర్ ఆరోగ్యం చూసే ఏజెంట్లు నిమిషానికొకసారి సమాచారం పంపుతాయి. క్రమం ఉండి, జాబితాలో లేకపోతేనే ఆలోచించాలి. కొన్ని ప్రోగ్రామ్‌లు రోజుకు ఒకటి రెండుసార్లే పలుకుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాటి క్రమం బయటపడాలంటే వారాల తరబడి లాగ్‌లు దాచి ఉండాలి.

పరిమాణం విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. వెబ్ సర్వర్ పంపే బైట్లన్నీ కలిపి చూస్తే అందులో ఏమీ తేలదు, ఎందుకంటే పేజీలు, బొమ్మలు, పీడీఎఫ్‌లు పంపడమే దాని పని. సర్వర్ మొదలుపెట్టిన కనెక్షన్లను మాత్రమే విడదీసి, వాటిలో పంపినదెంత, తెచ్చుకున్నదెంత అని చూడాలి. అప్‌డేట్లలో తెచ్చుకునేది ఎక్కువ, పంపేది చాలా తక్కువ. పేమెంట్ గేట్‌వేతో మాటలు రెండువైపులా కొద్ది కిలోబైట్లే. పంపేది బాగా ఎక్కువగా ఉండాల్సింది బ్యాకప్‌కు మాత్రమే, అదీ తెలిసిన వేళకు తెలిసిన చోటికి. వెబ్ యూజర్ నుంచి తెలియని చోటికి ఒక రాత్రి కొన్ని వందల ఎంబీలు వెళ్లాయంటే, విద్యార్థుల ఆధార్ నకళ్లు, మార్కుల మెమోలు ఉన్న ఫోల్డర్‌ను వెంటనే గుర్తు తెచ్చుకోవాలి.

డీఎన్‌ఎస్ అనే మరచిపోయిన తూము

అన్ని దారులు మూసినా డీఎన్‌ఎస్ తెరిచే ఉంటుంది, లేకపోతే సర్వర్‌కు పేమెంట్ గేట్‌వే అడ్రస్ కూడా దొరకదు. చొరబాటుదారు తన సొంత డొమైన్ పేరుకు ముందు, దొంగిలించిన సమాచారాన్ని అక్షరాలుగా మార్చి తగిలించి ఆ పేరును అడిగిస్తే, ఆ ప్రశ్న మధ్యలోని డీఎన్‌ఎస్ సర్వర్ల మీదుగా చివరకు అతని దగ్గరకే చేరుతుంది. సర్వర్ నేరుగా అతనితో మాట్లాడిన జాడ ఎక్కడా కనిపించదు. అయితే పేరులో చుక్కకు చుక్కకు మధ్య భాగం 63 అక్షరాలు, మొత్తం పేరు 255 బైట్లు దాటకూడదన్న నియమం ఉన్నందువల్ల, ఒక్క ఎంబీ సమాచారం తరలించాలన్నా వేల ప్రశ్నలు కావాలి. పట్టించే గుర్తులు అక్కడే పుడతాయి: ఒకే డొమైన్ కింద మళ్లీ మళ్లీ రాని వేలాది కొత్త పేర్లు, పొడవుగా అర్థం లేని అక్షరాల వరుసలు, మామూలుగా వెబ్ సర్వర్ పెద్దగా అడగని టీఎక్స్‌టీ (అడ్రస్‌కు బదులు మాటలు దాచే) రికార్డులు. సర్వర్ తప్పనిసరిగా ఒకే డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడిగేలా కట్టడి చేసి, ఆ డీఎన్‌ఎస్ సర్వర్‌లో ప్రతి ప్రశ్నను లాగ్ చేస్తే ఈ గుర్తులు చేతికందుతాయి. దానివల్ల ఇంకో లాభం ఉంది. న్యాయమైన ప్రోగ్రామ్‌లు చాలావరకు పేరు అడిగి, వచ్చిన అడ్రస్‌కు వెళ్తాయి. ముందు ఏ ప్రశ్నా లేకుండా నేరుగా ఒక ఐపీ అడ్రస్‌కు కనెక్షన్ వెళ్లిందంటే, ఆ అడ్రస్ చాలావరకు ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంటుంది. వెబ్ అప్లికేషన్ విషయంలో ఇది బలమైన అనుమానం.

చెడ్డ అడ్రస్‌ల జాబితాలు కొని ఫైర్‌వాల్‌లో పోసే పద్ధతి మీద అతిగా ఆధారపడడం మంచిది కాదు. చొరబాటుదారులు కొత్త అడ్రస్‌ను నిమిషాల్లో అద్దెకు తీసుకుంటారు. అంతకన్నా తెలివైనవారు టెలిగ్రామ్, డిస్కార్డ్, గిట్‌హబ్ లాంటి అందరికీ తెలిసిన సేవలనే మధ్యవర్తులుగా వాడుకుంటారు. చెడ్డ జాబితాల్లో సాధారణంగా టెలిగ్రామ్ అడ్రస్ ఉండదు. కానీ అడ్మిషన్ల సర్వర్‌కు టెలిగ్రామ్‌తో పనేమిటి అన్న ప్రశ్నకు సొంత జాబితా తడుముకోకుండా జవాబు చెబుతుంది. కనెక్షన్ లోపలి మాటలు గుప్తీకరించి ఉన్నా, టీఎల్‌ఎస్ (ఆ గుప్తీకరణ పద్ధతి) మొదటి పలకరింపులో గమ్యం పేరు చాలావరకు బయటికే కనిపిస్తుంది. జీక్, సూరికాటా లాంటి ఉచిత సాధనాలు ఆ పేరును నమోదు చేస్తాయి.

జాబితా వేసే తొలి రోజుల్లో తప్పుడు గంటలు మోగడం సహజం. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన వెబ్‌సైట్ తన కొత్త వెర్షన్ ఉందా అని దాని సంస్థ సర్వర్‌ను అడుగుతుంది. ప్లగిన్‌లు ఒక్కొక్కటీ తమ తయారీదారుల దగ్గరకు వెళ్తాయి. ఉబుంటు తన వార్తల కోసం, స్నాప్ ప్యాకేజీల కోసం బయటకు చూస్తుంది. వీటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, అవసరమైనవాటిని జాబితాలో చేర్చి, అక్కరలేనివాటిని ఆపేయాలి. ఈ పనికి రెండు మూడు వారాలు పడుతుంది, అందులో ఒక నెలాఖరు ఉంటే మంచిది. నెలకొకసారే జరిగే పనులు అప్పుడే బయటపడతాయి.

చూడడం నుంచి ఆపడం వైపు

జాబితా కుదిరాక వెబ్ యూజర్‌కు జాబితాలో లేని దారులన్నీ మూసి, మూసిన చోట ఎవరైనా తట్టితే లాగ్ చేయాలి. అప్పటి నుంచి ప్రతి తట్టుడూ విలువైన వార్త అవుతుంది. పెద్ద సేవల ఐపీ అడ్రస్‌లు తరచూ మారతాయి గనుక, అడ్రస్‌ల ఆధారంగా రాసిన రూల్స్ ఏదో ఒక రోజు ఫీజు చెల్లింపులనే ఆపేస్తాయి. స్క్విడ్ లాంటి ప్రాక్సీని (సర్వర్ తరఫున బయటకు వెళ్లే ప్రోగ్రామ్‌ను) మధ్యలో పెట్టి డొమైన్ పేర్ల ఆధారంగా అనుమతించడం నిలకడైన పద్ధతి.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త పడకపోతే కట్టిన కట్టంతా వృథా. మొదటిది ఐపీవీ6 అనే కొత్త అడ్రస్‌ల పద్ధతి: ఐపీటేబుల్స్ రూల్స్ పాత ఐపీవీ4కే వర్తిస్తాయి, కొత్తదానికి విడిగా రాయాలి, ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో రెండింటికీ కలిపి రాసే వీలుంది. రెండోది ప్రోగ్రామ్‌లను వేరు వేరు గదుల్లో (కంటైనర్లలో) నడిపే డాకర్: కంటైనర్ నుంచి వెళ్లే ప్యాకెట్లు యంత్రం సొంత అవుట్‌పుట్ దారిలో కాకుండా ఫార్వర్డ్ దారిలో వెళ్తాయి, కాబట్టి యూజర్‌ను బట్టి రాసిన రూల్ వాటిని ముట్టుకోదు. రూల్ రాసి ఊరుకోకుండా, వెబ్ యూజర్‌గా మారి నిషేధించిన చోటికి ఒకసారి కనెక్ట్ కావడానికి ప్రయత్నించి, అది ఆగిందా, లాగ్‌లోకి ఎక్కిందా అని చూసుకోవాలి.

క్లౌడ్ సర్వర్లకు మరో దారి కూడా ఉంది. 169.254.169.254 అన్న అడ్రస్ దగ్గర ఆ యంత్రానికి సంబంధించిన తాళాలు (క్లౌడ్ సేవల్లోకి అనుమతించే రహస్య సంకేతాలు) దొరుకుతాయి. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి 10 కోట్ల మందికి పైగా సమాచారం పోయిన ఘటనలో, లోపమున్న వెబ్ ఫైర్‌వాల్ చేత ఈ అడ్రస్‌నే అడిగించి తాళాలు సంపాదించారు. ఇది బయటి అడ్రస్ కాదు గనుక ‘బయటకు’ అని వెతికేవారి కంటికి ఆనదు. వెబ్ యూజర్ జాబితాలో దీని సంగతి విడిగా తేల్చి పెట్టాలి.

కాపలా ఆ యంత్రంలోనే ఉంటే, రూట్ అధికారం సంపాదించిన చొరబాటుదారు ముందు రూల్స్‌నే చెరిపేస్తాడు, ఎస్‌ఎస్ కమాండ్ తనకు ఇష్టమైనవే చూపేలా మార్చేస్తాడు. అందువల్ల లాగ్‌లు ఎప్పటికప్పుడు వేరే యంత్రానికి చేరాలి. నెట్‌వర్క్ గుమ్మమైన గేట్‌వే దగ్గర గాని, క్లౌడ్‌లోని ఫ్లో లాగ్‌లలో (కనెక్షన్ల చిట్టాల్లో) గాని ఇంకో లెక్క నడవాలి. గేట్‌వే చూపిన కనెక్షన్ సర్వర్‌లో కనిపించకపోతే ఆ తేడాయే పెద్ద సాక్ష్యం. కాపలా పరికరానికే కాపలా కావాలన్నది 2017లో అమెరికా రుణ చరిత్రల సంస్థ ఈక్విఫ్యాక్స్‌లో జరిగిన ఘటన చెప్పింది. అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా మే నెలలో ప్రవేశించినవారు 76 రోజులు లోపలే ఉండి, సుమారు 14.7 కోట్ల మంది సమాచారాన్ని తీసుకుపోయారు. గుప్తీకరించిన ట్రాఫిక్‌ను విప్పి చూడాల్సిన పరికరంలో సర్టిఫికెట్ గడువు నెలల క్రితమే తీరిపోయి, అది ఏమీ చూడకుండా అన్నింటినీ వదిలేస్తూ ఉంది. జూలై 29న సర్టిఫికెట్ మార్చగానే అనుమానాస్పద ట్రాఫిక్ కళ్ల ముందుకొచ్చింది.

ఆ ఘటనే ఈ పద్ధతి హద్దును కూడా చూపిస్తుంది. అక్కడ వెబ్ షెల్‌లు పెట్టారు. వెబ్ షెల్ అంటే వెబ్‌సైట్‌లోనే దాచిన ఒక పేజీ. చొరబాటుదారు మామూలు సందర్శకుడిలా వచ్చి దాన్ని అడిగితే సమాచారం జవాబు రూపంలో వెళ్లిపోతుంది. సర్వర్ తానుగా ఏ కనెక్షనూ మొదలుపెట్టదు. అలాంటిదాన్ని వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో, అప్‌లోడ్ ఫోల్డర్లలో చేరిన కొత్త పీహెచ్‌పీ ఫైళ్లలో వెతకాలి. బయటి కనెక్షన్ల కాపలా దానికి తోడుగా ఉండేదే గాని, దాని స్థానంలో నిలిచేది కాదు.

మన జిల్లా కేంద్రాల్లో చాలా స్కూళ్లు, ఆసుపత్రులు, మిల్లులు, విత్తనాల దుకాణాల వెబ్‌సైట్లు సొంత సర్వర్ మీద ఉండవు. హైదరాబాద్‌లో ఎవరో కట్టించి ఇచ్చిన షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను పలువురు పంచుకునే ఏర్పాటు) మీద ఉంటాయి, అక్కడ ఫైర్‌వాల్ ముట్టుకునే అధికారం ఉండదు. అయినా చేయగలిగింది కొంత ఉంది. పీహెచ్‌పీ సెట్టింగుల్లో ఎగ్జిక్, షెల్ ఎగ్జిక్, సిస్టమ్, ప్రాక్ ఓపెన్ లాంటి, యంత్రం ఆదేశాలు నడిపే ఫంక్షన్లు ఆపించవచ్చు. వేళకు పనులు నడిపే క్రాన్ జాబితాలో మనం పెట్టని పని ఏదైనా ఉందా అని నెలకొకసారి చూడవచ్చు. బొమ్మలు దాచే ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా చేయవచ్చు. బయటకు వెళ్లిన కనెక్షన్ల లాగ్ ఇవ్వగలరా, ఎన్నాళ్లు దాస్తారు అని హోస్టింగ్ సంస్థను రాతపూర్వకంగా అడిగి, జవాబు బాగాలేకపోతే సంస్థను మార్చడం కూడా అన్యాయమేమీ కాదు.

అనుమానం నిజమని తేలినప్పుడు మొదట సమయం రాసుకుని, కనెక్షన్ల జాబితా, ప్రాసెస్ వివరాలు, తుడిచేసిన ప్రోగ్రామ్ నకలు వేరే యంత్రానికి తీసుకుని, ఆ తర్వాత యంత్రాన్ని ఆపకుండా నెట్‌వర్క్ నుంచి విడదీయాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను తెలిసిన 6 గంటల్లోగా దానికి తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి, గడియారాలను జాతీయ సమయ సర్వర్లతో సరిచూసుకోవాలి. ఈ చివరి నియమాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వెబ్ లాగ్ భారత సమయంలో, ఫైర్‌వాల్ లాగ్ అంతర్జాతీయ సమయంలో ఉంటే రెంటికీ అయిదున్నర గంటల తేడా వచ్చి, ఏ రిక్వెస్ట్ వల్ల ఏ కనెక్షన్ పుట్టిందో కలిపి చూపడం కష్టమవుతుంది.

సర్వర్‌ను కొత్తగా కట్టి, బ్యాకప్ నుంచి వెబ్‌సైట్‌ను తిరిగి నిలబెట్టాక, మూసిన దారుల లాగ్‌ను కనీసం నెల రోజులు రోజూ చదవాలి. పాత అడ్రస్‌కే మళ్లీ తట్టుడు వినిపిస్తే బ్యాకప్‌లోనే చొరబాటుదారు పెట్టినది ఉందన్నమాట. అప్పుడు చొరబాటు జరిగిన తేదీ మొదట అనుకున్నదానికన్నా వెనక్కి పోతుంది, అంతకు ముందటి బ్యాకప్‌ను వెతకాల్సి వస్తుంది.